గిన్నెలో మిగిలిన ఛర్రలు

మా ఇంట్లో ధైర్యమంతా నాయినకే ఖర్చయిపోయిందని ఊళ్ళో అనేవాళ్ళు. అడివిపందికి ఎదురు నిలబడి కొట్టిన మనిషికి, కాకరపువ్వొత్తిని కూడా చెయ్యి బారెడు చాచి, మొహం పక్కకు తిప్పుకుని పట్టుకునే కొడుకు పుట్టాడని నవ్వేవాళ్ళు. నేనెప్పుడూ కాదనలేదు. నాకు భయమేస్తే ముందు అరచేతులకు తెలుస్తుంది. చెమట పట్టి, పట్టుకున్న కాగితం మెత్తబడిపోతుంది. పదో తరగతి పరీక్షల్లో నా జవాబు పత్రాలు అలుక్కుపోయి మార్కులు పోయాయి. పెళ్ళిలో తలంబ్రాలు నా చేతికే అతుక్కున్నాయి.

భయపడేవాడికి కూడా జీతమిచ్చే ఉద్యోగం ఒకటుందని పెద్దయ్యాక తెలిసింది. జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీలో సేఫ్టీ డిపార్ట్‌మెంట్ నాది. పొద్దున్నే ఒడిశా, బీహార్ పిల్లల్ని వరసగా నిలబెట్టి, నాకొచ్చిన హిందీలో ఏది అంటుకుంటుందో, ఏది పేలుతుందో చెబుతాను. నా సంతకం లేకుండా అక్కడ ఎవరూ వెల్డింగ్ రాడ్డు ముట్టుకోకూడదు. ఇరవై ఏళ్ళుగా నా భయాన్ని పర్మిట్ కాగితాల మీద రాసి బతుకుతున్నాను.

మా చేను లక్డారం దాటాక గుట్టల కింద ఉంటుంది. రాళ్ళకోసం గుట్టల్ని తవ్వినకొద్దీ పందులకు ఉండే చోటు తగ్గి, గుంపులుగా మక్కచేలోకి దిగేవి. ఒక్కసారి దిగితే అర ఎకరం పడుకోబెట్టి పోతాయి. అందుకని నాయినకు పంట కాపలాకు ఒంటి గొట్టం తుపాకి, దానికి లైసెన్సు ఉండేవి. లైసెన్సు పుస్తకం దేవుడి అల్మారాలో ఉండేది. కొత్త తూటాలు పట్నం వెళ్ళి తెచ్చుకోవాలి, అవీ అడిగినన్ని ఇవ్వరు. అందుకని పేలిన ఇత్తడి గొట్టాలనే మళ్ళీ నింపేవాళ్ళు. దానికి కాగితం ఉండాలా, అక్కర్లేదా అని ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు.

ఏటా ఎండలు ముదిరాక, వానలు పడకముందు, పేలకుండా మిగిలిన పాత తూటాల్ని కూడా విప్పేవాళ్ళు. వానాకాలం ఇంట్లో ఉన్న తుపాకి మందు చెమ్మ పట్టి పనికిరాదు. మందు పారేసినా తూటాలోని మిగతా సామానంతా మళ్ళీ వాడుకునేదే. ఇత్తడి గొట్టాల్ని అమ్మ చింతపండు పెట్టి తోమి మిద్దె మీద ఎండబెట్టేది. పెళ్ళి పత్రికల అట్ట కోసి, మందు మీద ఒకటి, పైన ఒకటి బిళ్ళలు పెట్టేవాళ్ళు. మధ్యలో సీసపు గుండ్లు, మా దగ్గర ఛర్రలంటారు, వాటికైతే చావే లేదు. నా చిన్నప్పుడు నాయిన పందిని కొడితే మాంసం ఇంటింటికీ పంచేవాళ్ళు. తినేటప్పుడు పంటికింద ఛర్ర తగిలితే ఎవరూ ఊసి పారేసేవాళ్ళు కాదు. కంచం అంచున పెట్టుకుని, కడిగి, కాగితంలో పొట్లం కట్టి మా ఇంటికి పంపేవాళ్ళు. పంపకపోతే మరుసటిసారి వాటా తగ్గుతుందని ఒక భయం. నేను పుట్టకముందు ఒక పందిని చంపిన ఛర్రే నా పెళ్ళయ్యాక ఇంకో పందిని చంపి ఉండొచ్చు.

తూటాలు నింపే రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు నాయిన నన్ను వెంటబెట్టుకుని పశువుల కొట్టం అవతలికి తీసుకెళ్ళేవాడు. బండి కాడి మీద కూర్చోబెట్టి గుప్పెడు పుట్నాలు పోసేవాడు. తాను నిలబడే ఉండేవాడు. ఇంటివైపే చూస్తూ, కాసేపటికోసారి దగ్గేవాడు. ఆ దగ్గు బీడీల వల్ల అనుకునేవాణ్ణి. తెల్లవారకముందే ఆయన తూటాలు నింపేసి ఉంటాడనీ, అమ్మ లోపల వంట చేస్తోందనీ అనుకునేవాణ్ణి. పని వదిలి నాతో గడిపేది ఏడాదిలో ఆ ఒక్క పూటే కాబట్టి దానికోసం ఎదురుచూసేవాణ్ణి కూడా.

పోయిన యాసంగి పంటకాలంలో నాయిన చనిపోయాడు. చేను కావలికి వెళ్ళి పొద్దెక్కినా రాకపోతే పక్క చేను ఆయన వెళ్ళి చూశాడు. గుండె ఆగిందని తరవాత డాక్టరు చెప్పాడు. అప్పటికి మాకు తెలిసింది మాత్రం, ఆ పక్క చేను ఆయన పరుగున వచ్చి వాకిట్లో చెప్పిన ముక్క ఒకటే: "తుపాకి పక్కకు పడిపోయి ఉన్నడు." నా బైకు స్టార్టయ్యేలోపే అమ్మ చెప్పుల్లేకుండా గట్ల మీద పరుగు తీసింది. నేను చేరేసరికి ఆయన పక్కన కూలబడి ఉంది. ఏడవడం లేదు. మొహం వైపు చూడటం లేదు. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు విప్పి, ఒక్కో వేలూ పట్టుకుని, తిప్పి తిప్పి చూస్తోంది. ఆ తరవాత ఒక్కసారిగా, చుట్టుపక్కల చేలకు వినబడేలా ఏడ్చింది. చూసిన ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నలభై ఏళ్ళ కాపురం తరవాత కూడా మొగుడి చెయ్యి వదల్లేకపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. నేనూ కంపెనీలో నలుగురికి చెప్పాను.

దినాలు కాగానే తుపాకీ, లైసెన్సు పుస్తకం ఠాణాలో అప్పజెప్పి రసీదు తెచ్చుకున్నాను. ఆ రోజు నా ప్రాణం హాయిగా ఉంది. పేలే వస్తువు ఇక మా ఇంట్లో లేదనుకున్నాను.

నాలుగు నెలలు గడిచాయి. ముసురు పట్టిన ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను తిని చెయ్యి కడుక్కున్నాక అమ్మ తలుపు దగ్గరగా వేసింది.

"బియ్యం డ్రమ్ముల అడుగుకు ఒక డబ్బ ఉంది బిడ్డా."

"ఏం డబ్బనే?"

"మీ నాయిన తూటాలు. పద్నాలుగు."

తుడుచుకున్న అరచేతులు మళ్ళీ తడిసిపోయాయి. ఆ డ్రమ్ములో నా భార్య రోజూ రెండు పూటలా చెయ్యి పెడుతుంది. నా ఇద్దరు పిల్లలూ దాని వెనకే దాక్కుని ఆడతారు. నేను అక్కడ కంపెనీలో, రాపిడికి నిప్పురవ్వ పుడుతుందని ప్లాస్టిక్ బకెట్ వాడినవాడి మీద అరుస్తుంటే ఇక్కడ నా ఇంటి బియ్యంలో మందు ఉంది. కోపం ఎవరి మీద చూపాలో తెలియక, చెరువులో పారేసి వస్తానని లేచాను.

"చేపలోల్లు వల ఏస్తరు ఆడ. ఎవని కాళ్ళకిందికన్న వస్తె?"

"ఐతె ఠాణల ఇచ్చొస్త."

"అట్ల ఇయ్యకు." గొంతు తగ్గించింది. "అండ్ల ఒకటి మంచిగ లేదు. ఏదో తెల్వది."

"నీకెట్ల ఎర్క?"

"నింపింది నేనే గద."

నాకు అర్థం కాలేదని ఆమెకు అర్థమైంది. ఎదురుగా కూర్చుని, పప్పు ఏరుతూ మాట్లాడినంత మామూలుగా చెప్పింది. "మీ నాయిన చేతులు నీ లెక్కనే. గడియకోసారి చెమట. మందుకు తడి తలిగితె పేలది. పంది మీదికొచ్చినంక పేలకుంటె మనిషి దక్కుతడా? పెండ్లయిన రెండో ఏడు ఒకపారి గట్లనే అయ్యి చెట్టెక్కిండు. గప్పటిసంది నేనే ఇప్పిన, నేనే నింపిన. నా చేతులు ఎండిన కట్టెలు. తడి ఉండది."

"ఊళ్ళె ఎవలకు చెప్పలేదు?"

"ఏం చెప్పుకుంటరు? సిగ్గు గాదా ఆయనకు?"

ఆఖరుసారి నింపినప్పుడు అప్పటికే ఆమె రెండు కళ్ళకూ పొర వచ్చింది. కొలిచి పెట్టుకున్న ఛర్రలు అన్ని తూటాలకూ సరిగ్గా సరిపోవాలి. ఎన్నడూ ఒక్కటి ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. ఈసారి మూతలు మైనంతో మూసేశాక చూస్తే గిన్నెలో ఛర్రలు మిగిలాయి. ఒక గొట్టంలో మందు రెండుసార్లు పడి, ఛర్రలకు చోటు లేకపోయిందన్న మాట. ఏ గొట్టమో పైకి తెలియదు. అది పేలిస్తే తుపాకి గొట్టమే చీలుతుంది. పట్టుకున్నవాడి చేతులు పోతాయి, మొహం పోతుంది. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"నాయినకు చెప్పినవా?" అన్నాను.

అమ్మ నా కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది.

అప్పుడు చేయవలసిన పని ఒకటే. ఠాణాకు వెళ్ళి, ఇవి ఉన్నాయి, ఇందులో ఒకటి చెడ్డది, తెలిసినవాళ్ళను పంపి తీయించండి అని చెప్పాలి. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను కాబట్టి అంటున్నది కాదు, అప్పుడూ తెలుసు. కానీ తుపాకి ఇచ్చిన రోజే ఇవెందుకు ఇవ్వలేదని అడుగుతారు. ఎవరు నింపారంటారు. సేఫ్టీలో పనిచేసేవాడి ఇంట్లో తూటాలని కంపెనీకి తెలుస్తుంది. అమ్మను బెంచీ మీద కూర్చోబెడతారు. నాకు మందు కంటే ఖాకీ బట్టలంటే ఎక్కువ భయమని ఆ వారం తెలిసింది. అమ్మ పట్టు ఇంకొకటి. "ఆడ ఎవలో పిలగాడు ఉంటడు డ్యూటీల. ఊకుంటడా, గెలుకుతడు. లేకుంటె పందులను కొట్టమని ఇంకెవలకన్న ఇస్తరు. నేను నింపింది ఇంకొకల్ల చేతుల పేలొద్దు బిడ్డా. నేనే ఇప్పాలె." ఇద్దరి మూర్ఖత్వాలూ కలిసి ఒక నిర్ణయం అయింది.

ఎండ రావాలి, అప్పుడే విప్పాలి అంది. వారమంతా రాలేదు. ఆ ఏడు రోజులూ నేను ఎలా గడిపానో చెప్పినా నమ్మరు. కంపెనీలో ఫోన్ మోగితే చాలు, ఇంట్లోంచేనని చేతిలో పని వదిలేసేవాణ్ణి. కుక్కర్ కూత వేస్తే లేచి నిలబడేవాణ్ణి. డబ్బాను డ్రమ్ములోంచి వెనక గదిలోకి మార్చిన రోజు, మోసింది అమ్మ. నేను ముందు నడిచి తలుపులు తీశాను. ఇంట్లో చెదల మందు కొట్టిస్తున్నానని భార్యతో అబద్ధం చెప్పి, ఆమెనూ పిల్లల్నీ సంగారెడ్డి అత్తగారింటికి పంపాను. చెదలెక్కడ ఉన్నాయని ఆమె గోడలన్నీ వెతికింది.

మళ్ళీ ఆదివారం ఎండ వచ్చింది. నాకొచ్చిన విద్యంతా వాడాను. మెయిన్ స్విచ్ ఆపాను. గ్యాస్ బండ తీసి పక్కింటి వాకిట్లో పెట్టాను. ఫోన్లూ అగ్గిపెట్టే గేటు బయట గోడ మీద పెట్టాను. అమ్మ కట్టుకున్న పాలిస్టర్ చీర నిప్పురవ్వ పుట్టిస్తుందని నూలు చీర కట్టుకోమన్నాను. నీళ్ళ బకెట్లు రెండు పెట్టాను. అమ్మ నవ్వింది.

"మీ నాయిన గిట్లనే చేసేటోడు. పొయ్యి ఆర్పి, బూడిద మీద నీళ్ళు సల్లి, బీడీలు బాయి గడ్డ మీద పెట్టొచ్చేటోడు. ఏడాదికొక్కసారి నూలు చీర ఆయనే తీసిచ్చేటోడు."

వసారాలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇద్దరం కూసుంటమా ఏంది? పిల్లలకు ఒకలు మిగలాలె గద. కొట్టం అవుతలికి పో. ఆడ్నే నిలవడు. జెర దగ్గుకుంట ఉండు."

"దగ్గుడెందుకు?"

"నువ్వున్నవని ఎర్కయితది. మీ నాయిన గట్లనే దగ్గేటోడు. ఒక్కదాన్నే ఉన్ననని భయమయ్యేది గాదు."

కొట్టం దాకా ఎలా నడిచానో తెలియదు. ఇప్పుడక్కడ పశువులు లేవు, పాత బండి కాడి అలాగే ఉంది. దాని మీద కూర్చోలేక పక్కన నిలబడ్డాను. నా పుట్నాల పూట అది. నన్ను ముద్దు చేయడానికి పని వదిలి వచ్చాడనుకున్న మనిషి, ఇక్కడ నిలబడి చెమట చేతులు పంచెకు తుడుచుకుంటూ ఇంటివైపు చూసేవాడు. ఊరంతా మెచ్చుకున్న ధైర్యం లోపల పట్టా మీద కూర్చుని ఉండేది.

"ఒకటి," అని లోపలినుంచి వినబడింది. దగ్గాను.

"రెండు." దగ్గాను. మూడుకూ నాలుగుకూ మధ్య చాలాసేపు పట్టింది. ఆలోపు పది మాట్లు దగ్గి ఉంటాను. ఎనిమిది తరవాత మాట ఆగిపోయింది. నేను దగ్గుతూనే ఉన్నాను. గొంతు పుండైంది.

"బిడ్డా," అంది చివరికి. "మబ్బు పట్టింది. నాకు కనవడ్తలేదు. రా."

ఇరవై అడుగులుంటుందేమో. నా కాళ్ళు రెండు అడుగులేసి ఆగాయి. పిల్లలకు ఒకరు మిగలాలి అన్న మాట ఎంత వీలుగా ఉందో, ఎంత గట్టిగా పట్టుకోవాలనిపించిందో దాచను. తెలిసినవాళ్ళను పిలుద్దాం లే అమ్మా అందామని నోరు తెరిచాను. వసారాలో ఆమె తల వంచుకుని, ఇత్తడి గొట్టాన్ని కళ్ళకు ఆనించుకుని చూస్తోంది. అలా కళ్ళకు ఆనించుకోవడం చూశాక నడిచాను.

చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. కళ్ళు నావి, చేతులు ఆమెవి. మూత మీద మైనం పోయింది, బిళ్ళ కొంచెం లేచింది, ఇటు కాదు అటు అని నేను చెబుతుంటే ఆమె వేళ్ళు నెమ్మదిగా చేసుకుపోయాయి. ఛర్రలు గిన్నెలో పడుతుంటే చప్పుడు వినేది. ఆ చప్పుడుతోనే సరిపోయాయని చెప్పేది. తొమ్మిది సరిపోయింది. పది, పదకొండు సరిపోయాయి. పన్నెండోది వంచింది. ఛర్రలు కొన్నే పడి ఆగిపోయాయి.

నా నుదుటి చెమట జారి ఎక్కడ దాని మీద పడుతుందోనని తల వెనక్కి వంచాను.

"సూడు," అంది.

చూశాను. ఛర్రల కింది అట్టబిళ్ళ ఉండవలసినదాని కంటే చాలా పైకి ఉంది. ఆమె దాన్ని తీసింది. "మందు నిండుగ ఉందమ్మా."

"ఉందా?"

"ఉంది."

గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని, అరనిమిషం ఆగి, మెల్లగా బకెట్లోకి వంచింది. నల్లటి మందు నీళ్ళలో తేలి కిందికి దిగింది. మిగతా రెండూ మామూలుగానే వచ్చాయి. అప్పుడు అమ్మ బొడ్డులోంచి ఒక చిన్న మూట తీసి ముడి విప్పింది. ఆ రోజు మిగిలిన ఛర్రలు. ఇన్ని నెలలూ నడుముకు కట్టుకుని తిరిగింది. వాటిని గిన్నెలో పోసింది.

ఖాళీ గొట్టాలూ, ఛర్రలూ మరునాడు ఠాణాలో ఇచ్చాను. అడిగినవన్నీ అడిగారు. దినాల గొడవలో మరిచానని సగం నిజం చెప్పాను. నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. కాగితాలు నాలుగూ మెత్తబడ్డాయి.

కానీ తూటాలు విప్పిన ఆదివారం సాయంత్రం, పని అయిపోయాక కూడా అమ్మ పట్టా మీదనుంచి లేవలేదు. నా చేతులు చంకల్లోంచి లాగి, కొంగుతో తుడిచి, అరచేతులు విప్పింది. ఒక్కో వేలూ పట్టుకుని తిప్పి చూసింది. ఆ చూడటం నేను ఇంతకుముందు ఎక్కడ చూశానో గుర్తొచ్చింది.

"నాయినకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తె కండ్లు పోయినయని నన్ను నింపనియ్యడు. తడి చేతులతోని ఆయనే నింపుకుంటడు. రేపు ఇప్పుదాం, ఎల్లుండి ఇప్పుదాం అనుకున్న. ఆయన లేనప్పుడు ఇప్పుదామంటె బయట దగ్గేటోల్లు లేరు. గా డబ్బలకెల్లి ఒకటి తీస్కొని పోయినప్పుడల్ల నా పానం పోయేది." నా వేళ్ళు వదలలేదు. "తుపాకి పక్కకు పడిండని చెప్పంగనే నా తూటనే అనుకున్న బిడ్డా. నేనే సంపిన అనుకున్న. మొఖం సూస్తె ఏం కనవడ్తదో అని, ముందుగాల చేతులు సూసిన. పది వేళ్ళు ఉన్నయి. కాలలేదు, సీలలేదు. గప్పుడు ఏడ్సిన. సచ్చిపోయిండని గాదు."

నేను దగ్గాను.

"ఉన్నవులే," అంది అమ్మ. "ఎర్కయింది."